చివరి చాప దాకా వచ్చిన కథ

శ్రీరామనవమి అనగానే మీకు ముందుగా ఏం జ్ఞాపకం వస్తుందో నాకు తెలీదు గాని, నాకు మటుకు ముక్కుకి పచ్చి తాటాకు వాసన తగుల్తుంది. ఆ వెనకాల మిరియాల ఘాటుతో గొంతు దిగే పానకం, దొప్పలో ఇంత వడపప్పు, పంతులుగారి చేతిమీదుగా అందిన కొత్త విసనకర్ర. రాములవారు ఆ తరవాతే. ఈ మాట పైకంటే మా అత్తగారు, "చాల్లే సంబడం, నలుగురూ వింటే నవ్విపోతారు" అంటారు. ఆ నలుగుర్నీ నిలేసి అడిగితే ముగ్గురు నా పక్కనే నిలబడతారని నా నమ్మకం.

నేను భక్తురాలినా కాదా అన్నది నాకు నలభయ్యారేళ్ళొచ్చినా తేలలేదు. దీపం పెడతాను. పండక్కి మడికట్టుకోకపోయినా పిండివంటలు చేస్తాను. గుళ్ళో నిలబడితే కళ్ళు మూసుకుంటాను గాని, మూసుకున్న కళ్ళ వెనకాల గ్యాసు కట్టేశానా లేదా అన్న ఆలోచన తిరుగుతూ ఉంటుంది. అయితే రాత్రిపూట పందిట్లో ఎక్కడైనా చిడతలు మోగితే మాత్రం కాలు ఆగదు. కాబట్టి నన్ను భక్తురాలు అనేకంటే హరికథల పిచ్చిది అనడం న్యాయం. ఆ పిచ్చి గురించీ, దానికి నేను కట్టిన లెక్క గురించీ ఇవాళ మీతో చెప్పుకోవాలనుంది.

మాది కృష్ణా జిల్లాలో ఓ చిన్న ఊరు. నవమి నాడు కల్యాణం అయ్యాక ఐదారు రాత్రులు రామమందిరం ముందు పందిట్లో కథలు జరిగేవి. ఒకరోజు హరికథ, ఒకరోజు బుర్రకథ, చివర్న ఏదో పద్యనాటకం. సాయంత్రం అయిదింటికే చాపలు వెళ్ళిపోయేవి. ఎవరి చాప ఎక్కడో ఊరందరికీ తెలుసు. ముందు వరస పెద్దమనుషులది. వాళ్ళ పక్కన పసుపు కుంకాలతో కళకళలాడే ముత్తయిదువులు. మధ్యలో పిల్లా జెల్లా. అందరికంటే వెనక, పందిరి చివరి గుంజ పక్కన, ఒక ఈతాకు చాప. అది మా నాయనమ్మది.

నాయనమ్మ ఒళ్ళో కూచుని విన్నదాన్ని గనక, ఆ గుంజ పక్క చోటే పందిరి మొత్తంలో మంచి చోటని చాలాకాలం అనుకున్నాను. గాలి తగుల్తుంది. నిద్రొస్తే కాళ్ళు చాపుకోవచ్చు. బఠాణీల బండి దగ్గర. నాయనమ్మ అక్కడ ఎందుకు కూచునేదో తెలియడానికి నాకు ఇరవయ్యేళ్ళు రావలసొచ్చింది. ఆ సంగతి తరవాత చెప్తాను.

నాయనమ్మకి అక్షరమ్ముక్క రాదు. కాని ఆవిడంత నిక్కచ్చి విమర్శకురాల్ని నేను ఎమ్మే క్లాసుల్లో కూడా చూళ్ళేదు. కథ అయి ఇంటికి వస్తూ దారిలో తీర్పు చెప్పేసేది. "గొంతు మంచిదే. కథ మాత్రం ముందు వరస దగ్గరే ఉండిపోయింది" అనేది. లేదా, "ఇవాళ వచ్చిందమ్మా, మన చాప దాకా వచ్చింది" అనేది. మైకు ఉంది కదా నాయనమ్మా, వినపడకపోవడమేమిటి అంటే, "మైకు గొంతును తెస్తుందే పిచ్చిదానా, కథను తేదు" అనేది. నేను చదివిన సాహిత్య సిద్ధాంతాలన్నీ ఇప్పుడు తుడిచిపెట్టుకు పోయాయి గాని ఈ కొలత మాత్రం నా దగ్గర ఉండిపోయింది.

హరికథ చెప్పడం ఎంత కష్టమో కూచుని వినేవాళ్ళకి తెలీదు. ఒక్కడే మనిషి. మెళ్ళో పూలదండ, చేతిలో చిడతలు, కాలికి గజ్జెలు, వెనక ఫిడేలూ మృదంగం. ఆ ఒక్కడే దశరథుడు, ఆ ఒక్కడే కైక. పాడాలి, పద్యం చదవాలి, వచనం చెప్పాలి, తాళం తప్పకుండా అడుగు వెయ్యాలి, మధ్యలో ఏడ్చే పిల్లాడి మీద ఒక ఛలోక్తి విసిరి మళ్ళీ రాగంలోకి వెళ్ళాలి. నాటకంలో పదిమంది చేసే పని. ఆ పదిమందికీ తెరలుంటాయి, దీపాలుంటాయి. దాసుగారికి ఉన్నదల్లా తన ఒళ్ళూ, గొంతూ.

ఈ విద్యని ఇంత ఎత్తుకు తెచ్చిన మహానుభావుడు అజ్జాడ ఆదిభట్ల నారాయణదాసుగారు. 1864లో పుట్టి 1945లో పోయారు. హరికథా పితామహుడన్నారు ఆయన్ని. విజయనగరంలో 1919లో సంగీత కళాశాల పెట్టినప్పుడు దానికి మొట్టమొదటి అధ్యక్షుడు ఆయనే. ఉమర్ ఖయ్యాం రుబాయీల్ని సంస్కృతంలోకీ, అచ్చతెలుగులోకీ కూడా తెచ్చిన పండితుడు. అంత చదువుకున్న మనిషి కాలికి గజ్జె కట్టుకుని పందిట్లో నిలబడడానికి నామోషీ పడలేదు. ఆ తరవాత తరాల్లో దాసులు ఊరూరా పుట్టుకొచ్చారు. సినిమాలు కూడా హరికథని వదల్లేదు. 1961లో వచ్చిన 'వాగ్దానం' సినిమాలో సీతాకల్యాణం హరికథ మీలో చాలామందికి నోటికి వచ్చి ఉంటుంది. తెరమీద రేలంగి, వెనక ఘంటసాల. రాసిందెవరో తెలుసా? శ్రీశ్రీగారు. ఎర్రజెండా కవి రామకథ రాశాడేమిటని ముక్కున వేలేసుకోనక్కర్లేదు. ఆ ఒరవడి తెలుగువాడి చెవిలో అంత లోతుకి దిగిందన్నమాట.

ఇక నా చదువు సంగతి. మా నాన్నగారి బీరువాలో విశ్వనాథవారి 'రామాయణ కల్పవృక్షం' ఉండేది. దానికి జ్ఞానపీఠం వచ్చిందని నాన్నగారు సొంత అన్నగారికి వచ్చినంత గర్వంగా చెప్పేవారు. నేను డిగ్రీకి వెళ్ళాక హాస్టల్లో, పరుపు కింద దాచుకుని చదివింది రంగనాయకమ్మగారి 'రామాయణ విషవృక్షం'. మొదటి సంపుటం 1974లోనే వచ్చినా, మా చేతికి వచ్చేసరికి అట్టలూడి ఉంది. ఇంట్లో కల్పవృక్షం, హాస్టల్లో విషవృక్షం. రెండు చెట్ల మధ్యా ఉయ్యాల కట్టుకుని ఊగినట్టుండేది నా పని. ఆ వయసులో ఏ చెట్టు కింద నిలబడ్డానో చెప్పనక్కర్లేదు కదా. పండగలూ పందిళ్ళూ ఆడవాళ్ళని అణచిపెట్టడానికి వేసిన ఎత్తులని హాస్టల్ వసారాలో ఉపన్యాసాలిచ్చాను. హరికథలు వినడం కూడా మానేశాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే, నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా, నాన్నగారు పోయారు.

మర్నాటి ఏడు నవమికి ఇంటికి వెళ్ళాను. కల్యాణం జరుగుతున్నంతసేపూ అమ్మ వంటింట్లోంచి బయటికి రాలేదు. తలంబ్రాలు పడే వేళకి ఊరంతా పందిట్లో ఉంటే అమ్మ పెరట్లో, ముందురోజే కడిగిన బిందెల్ని మళ్ళీ చింతపండు పెట్టి తోముతూ కూచుంది. రాత్రి హరికథకి మాత్రం వస్తానంది. చాప తనే చుట్టి చంకలో పెట్టుకుంది. పందిట్లోకి రాగానే, ఎన్నో ఏళ్ళుగా కూచున్న ముత్తయిదువుల వరసని దాటుకుని, ఎవరూ చెప్పకుండానే, తిన్నగా చివరి గుంజ దగ్గరికి వెళ్ళి చాప పరిచింది. నాయనమ్మ పోయాక అయిదేళ్ళుగా ఖాళీగా ఉన్న చోటది.

అప్పుడు తెలిసింది నాకు, గాలి కోసం కాదని.

ఆ రాత్రి దాసుగారు యుద్ధకాండ చెప్పారు. రావణవధ అద్భుతంగా చేశారు, ఏ మాటకామాటే చెప్పుకోవాలి. ఆ తరవాత సీతమ్మని తీసుకొచ్చే ఘట్టం. వాల్మీకిలో అక్కడ రాముడు చాలా కఠినంగా మాట్లాడతాడు. నీ ఇష్టం వచ్చిన చోటికి పో అంటాడు. దానికి సీత ఊరుకోదు. పామరుడు పామర స్త్రీతో మాట్లాడినట్టు మాట్లాడుతున్నావేమిటని అడుగుతుంది. నా మీద అనుమానమే ఉంటే, హనుమంతుణ్ణి పంపిన నాడే ఆ మాట కబురు చేసి ఉంటే నీకు ఈ యుద్ధం శ్రమ కూడా తప్పేది కదా అంటుంది. కావ్యం మొత్తంలో ఆడదాని నోట వచ్చిన ఇంత నిప్పులాంటి మాట ఇంకోటి లేదని నా అభిప్రాయం. చితి పేర్చమని లక్ష్మణుడికి చెప్పేది కూడా ఆవిడే.

దాసుగారు అక్కడ ఏం చేశారో తెలుసా? సీత మాట సీతకి దక్కనివ్వలేదు. అసలు రావణుడు ఎత్తుకుపోయింది మాయాసీతనే, నిజమైన సీత అగ్నిదేవుడి దగ్గర భద్రంగా ఉంది, ఆవిణ్ణి వెనక్కి తెచ్చుకోవడానికే ఈ లీల అని చెప్పి గోవిందా కొట్టించారు. ఆ కథ ఆయన పుట్టించింది కాదు, అధ్యాత్మ రామాయణంలో ఉంది. భక్తులకి అది గొప్ప ఊరట కూడాను. కాని ఆ ఊరట ఎవరికి? మాట అన్నవాడికీ, విని ఊరుకున్న వాళ్ళకీ. పడ్డ మనిషికి ఏం మిగిలింది? ఆవిడే లేదన్నాక ఇక ఆవిడ బాధ ఎక్కణ్ణించి వస్తుంది?

వెనువెంటనే పిట్టకథలు మొదలుపెట్టారు. అత్తాకోడళ్ళ తగువు, పెళ్ళాం చీర బేరం, సినిమా పాట వరసలో ఓ దరువు. పందిరి ఘొల్లుమంది. నేనూ నవ్వాను, అబద్ధమెందుకు. నవ్వి పక్కకి చూస్తే అమ్మ నవ్వడం లేదు. "పోదాం పద" అంది. దారిలో నేనే అడిగాను, కథ ఎలా ఉందని. "మన దాకా రాలేదే" అంది. ఆ మాట నాయనమ్మదని అమ్మకి గుర్తుందో లేదో నేనడగలేదు.

ఇక్కడ నా నేరం ఒకటి ఒప్పుకోవాలి. ఆ రాత్రి నేను పళ్ళు నూరుకున్నాను. ఆ కసితోనే తరవాత తరవాత నవలలు రాశాను. నా నవలల్లో భర్త పోయిన ఆడవాళ్ళు బొట్టు చెరుపుకోరు. ఒకావిడ కూతురి పెళ్ళిలో పీటలమీద కూడా కూచుంటుంది. పాఠకులు మెచ్చుకుంటూ ఉత్తరాలు రాశారు. ఆ నవల అచ్చయిన ఏడే మేం ఇల్లు కట్టుకున్నాం. గృహప్రవేశం నాడు పాలు పొంగించడానికి ముత్తయిదువుని పిలవమన్నారు పంతులుగారు. అమ్మ నా మొహం వైపు ఒక్కసారి చూసి, కాఫీ డికాక్షన్ దిగిందో లేదో చూస్తానని లోపలికి వెళ్ళిపోయింది. నేను పిలవలేదు. అత్తవారి తరఫు వాళ్ళున్నారు, ముహూర్తం దాటిపోతోంది, ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాను. నవల్లో చేయించినంత తేలిక కాదమ్మా ఇంట్లో చెయ్యడం! అమ్మ ఆ డికాక్షన్ కాఫీయే అందరికీ ఇచ్చింది. బావుందన్నారు.

మళ్ళీ నేను హరికథ పందిట్లో పూర్తిగా కూచుంది 2011లో. మా అమ్మాయికి ఏడేళ్ళు. ఊరికి తీసుకెళ్ళాను. ఆ ఏడు కథ చెప్పేది భాగవతారిణి అన్నారు. ఆడవాళ్ళు హరికథ చెప్పడం కొత్తేమీ కాదు. గోదావరి ఒడ్డున కపిలేశ్వరపురంలో 1973లో సర్వారాయ హరికథా పాఠశాల పెట్టి, ఆడపిల్లల్ని ఉంచి, సంగీతం, సంస్కృతం, నృత్యం నేర్పి మరీ గజ్జె కట్టించారు. మగవాళ్ళ సొత్తుగా ఉన్న విద్యని ఆడపిల్లలకి ఆ తీరున అప్పగించడం చిన్న విషయమా? ఈమధ్య 2023లో కోట సచ్చిదానందశాస్త్రిగారికీ, 2024లో హరికథ చెప్పే ఉమామహేశ్వరిగారికీ పద్మశ్రీ వచ్చినప్పుడు నాకు ముందు జ్ఞాపకం వచ్చింది ఆ పాఠశాలే.

వచ్చినావిడకి ముప్ఫయ్యేళ్ళుంటాయేమో. ముదురాకుపచ్చ పట్టుచీర, కొంగు నడుముకి బిగించి, మెళ్ళో మల్లెదండ. గొంతు మరీ గొప్పదేం కాదు, పైస్థాయిలో కొంచెం జీర. మా చాపల మధ్య నుంచి ఎవరో, "ఆడపిల్ల, యుద్ధం ఏం చెప్తుందిలే" అన్నారు. ఆవిడ యుద్ధం రెండు ముక్కల్లో తేల్చేసింది కూడా. రాముడూ సీతా ఎదురుపడ్డ చోట ఆగింది. అక్కడ కదల్లేదు. రాముడి మాటలు ఒక్కటీ దాచకుండా చెప్పింది. చెప్పి, చిడతలు పక్కన పెట్టేసింది. మృదంగాన్ని చేత్తో ఆపింది. సీత జవాబు మాత్రం పాడలేదు, వాయిద్యం లేకుండా వట్టి వచనంగా, మన ఇళ్ళలో మాట్లాడే గొంతుతో చెప్పింది. పందిట్లో పసిపిల్లలు కూడా ఏడవలేదు.

విమర్శకురాలిగా చెప్పాలంటే అక్కడే ఆవిడ గొప్పతనం. హరికథలో సంగీతం అలంకారం మాత్రమే కాదు, అది చాలా బాధల్ని తియ్యగా చేసేస్తుంది. ఏడిపిస్తుంది కూడా, కాని ఆ ఏడుపులో ఓ సుఖం ఉంటుంది, ఇంటికెళ్ళి అన్నం తినేస్తాం. ఆవిడ మాకు ఆ సుఖం ఇవ్వదల్చుకోలేదు.

ఆ తరవాత పిట్టకథ వచ్చింది. హరికథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు అదే. అసలు కథ మార్చడానికి దాసుకి హక్కు లేదు. రాముడు అడవికి వెళ్ళక తప్పదు, సీత నిప్పుల్లో దూకక తప్పదు. కాని పిట్టకథలో చెప్పేవాడి సొంత మాటకి చోటుంది. చెప్పేవాడెవడో, వాడి మనసులో ఏముందో ఆ చోట్లోనే బయటపడిపోతుంది. కొందరు దాన్ని అత్తాకోడళ్ళ మీద పాత జోకులతో నింపేస్తారు. ఆ భాగవతారిణి దాన్ని ఊర్మిళతో నింపింది.

మన ఆడవాళ్ళ పాటల్లో 'ఊర్మిళాదేవి నిద్ర' అని ఒకటుంది. విననివాళ్ళుంటే మీ అమ్మమ్మల్ని అడగండి. లక్ష్మణుడు అడవికి వెళ్ళిన పధ్నాలుగేళ్ళూ ఊర్మిళ నిద్రపోతుంది. అతను తిరిగొచ్చి పక్కన కూచుని లేపితే గుర్తుపట్టదు. ఎవడో పరాయివాడనుకుని, పరస్త్రీని తాకబోయి చెడిపోయిన వాళ్ళ కథలు చెప్పి బెదిరిస్తుంది. వాల్మీకి ఊర్మిళని పెళ్ళిపందిట్లో చూపించి వదిలేశాడు. మన ఆడవాళ్ళు మాత్రం ఆవిడ ఎన్నేళ్ళు పడుకుంది, లేచాక తల ఎలా దువ్వుకుంది అన్నదాకా పట్టించుకున్నారు. ఇలాంటివే లక్ష్మణదేవర నవ్వు, శూర్పణఖ వచ్చి సీత చేత రావణుడి బొమ్మ గీయించడం లాంటి పాటలూను. సీత రావణుడి కాలి బొటనవేలు తప్ప పైకి చూడలేదట, అది మటుకే గీస్తుంది. యుద్ధాలూ రాజ్యాలూ ఈ పాటలకి పట్టవు. పురుడు, పేరంటం, అలక, అనుమానం, ఇవే వాటికి రామాయణం. ఇవి పందిట్లో పాడినవి కావు. వంటింట్లో, పెరట్లో, చింతకాయలు కొడుతూ, అప్పడాలు వత్తుతూ పాడుకున్నవి.

భాగవతారిణి కథ కొంత చెప్పి ఆగింది. "మా అమ్మమ్మ పాడగా విన్నవి నాలుగు చరణాలే నాకు వచ్చు. మీ ఊళ్ళో ఎవరికైనా మిగతాది వచ్చునా అమ్మా?" అని అడిగింది. ముందు వరసల్లో ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నారు. పందిట్లో చాలామందికి వచ్చు, నాకు తెలుసు. వచ్చునని చెప్పడానికే సిగ్గు.

నా పక్కనించి పాట మొదలైంది.

అమ్మ లేవలేదు, ముందుకి వెళ్ళలేదు. గుంజకి ఆనుకుని, ఎటో చూస్తూ, వంటింట్లో పాడుకునే ఆ గొంతుతోనే అందుకుంది. నాన్నగారు పోయాక మంగళహారతి కూడా పాడని మనిషి. మైకు కుర్రాడు తీగ ఈడ్చుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. అమ్మ మైకుని చేత్తో పక్కకి తోసింది. అయినా చివరిదాకా వినపడింది. కాదు కాదు, మొదటిదాకా. ముందు వరసలో పెద్దమనుషులు మెడలు తిప్పి చూశారు. నాయనమ్మ తన జీవితమంతా కథ వెనక్కి వచ్చిందా లేదా అని చూసింది. ఆ రాత్రి వెనకనించి ముందుకి వెళ్ళింది.

పాట అయ్యాక భాగవతారిణి చప్పట్లు కొట్టించలేదు, అమ్మని పొగడలేదు. "అదమ్మా కథ" అని చిడతలు తీసుకుని మళ్ళీ రాగం అందుకుంది. అంతకంటే మర్యాద ఇంకేముంటుంది?

ఇది చదివి, ఆ మర్నాటినించి ఊరు మారిపోయిందనుకునేరు. ఏం మారలేదు. మర్నాడు పేరంటానికి అమ్మకి పిలుపు రాలేదు. పక్కింటావిడ "మీ గొంతు ఇంకా అలాగే ఉందే" అని మాత్రం అంది. హరికథ సంఘాన్ని మారుస్తుందని నేను చెప్పబోవడం లేదు. పూజలో, కల్యాణంలో మనిషి ఎక్కడ కూచోవాలో ముందే రాసిపెట్టి ఉంటుంది. ఆ రాత కళలో కొంచెం సడలుతుంది. సడలిన చోట ఒక మనిషి పాడుకోవచ్చు. నేను చెప్పగలిగింది ఇంతే. దీన్ని తక్కువ చెయ్యకండి, ఎక్కువా చెయ్యకండి.

ఆ రాత్రి మా అమ్మాయి నిద్రకళ్ళతో, "అమ్మమ్మకి అంత బాగా పాటొచ్చు కదా, మరి ముందెందుకు కూచోదూ?" అని అడిగింది. విషవృక్షం చదివి, పది నవలలు రాసినదాన్ని, ఏడేళ్ళ పిల్లకి జవాబు చెప్పలేక దోమతెర సర్దాను.

ఇప్పుడు పందిళ్ళ తీరు మారింది. తాటాకుల చోట షామియానాలు, రంగు దీపాల తెరలు, గుండెలదిరే పాటలు. పాతవన్నీ మంచివి, కొత్తవన్నీ చెడ్డవి అని వాపోవడానికి నేనిది రాయడం లేదు. కొత్తదానికీ ఒక న్యాయం ఉంది. పూర్వం భద్రాచలం కల్యాణాన్ని ఉషశ్రీగారూ, జమ్మలమడక మాధవరామశర్మగారూ రేడియోలో కళ్ళకు కట్టిస్తూ ఉంటే, పనులన్నీ మానుకుని వినేవారు మన పెద్దవాళ్ళు. రేడియో ముందు ముత్తయిదువుల వరస వేరే లేదు. 2020లో కరోనా వచ్చి భద్రాచలంలో భక్తులు లేకుండా కల్యాణం చేశారు. దేశమంతా టీవీల్లో చూసింది. అమ్మ ఆ ఏడు మా ఇంట్లో ఉంది. టీవీకి ఎదురుగా, సోఫాలో సరిగ్గా మధ్యన కూచుని, నాన్నగారు పోయాక మొదటిసారి తలంబ్రాలు పడే వేళ కళ్ళారా చూసింది. ఎవరూ లేవమనలేదు. అమ్మ చేతుల్లో ఇన్ని అక్షతలు పోశాను. ఏం చెయ్యాలో తెలియనట్టు కాసేపు పట్టుకుని, టీవీ మీద వేస్తే పాడవుతుందేమో అని నా నెత్తిన వేసింది. పన్నెండేళ్ళ కిందట పాల గిన్నె దగ్గర నేను చెయ్యాల్సిన పని, అంత ఆలస్యంగా, గడప దాటకుండా చేశాను. దాన్ని ప్రాయశ్చిత్తం అనడానికి నాకు నోరు రాదు.

అయితే టీవీ కల్యాణంలో పిట్టకథ లేదు. మనం చూడొచ్చు గాని, "మీలో ఎవరికైనా వచ్చునా అమ్మా" అని అది మనల్ని అడగదు. అందుకే నాకు పందిరి కావాలి. హరికథ చెప్పేవాళ్ళకి ఓ శ్రోతగా నా మనవి ఒక్కటే. రాగాలు తగ్గినా ఫరవాలేదు, గజ్జె తడబడినా ఫరవాలేదు. పిట్టకథ చోటు మాత్రం పారేసుకోకండి. పాత జోకులతో నింపితే నవ్వుతాం, కాని అది మా చోటు కూడాను.

క్రిందటి నవమికి మళ్ళీ ఊరెళ్ళాం. అమ్మకి డెబ్బయి దాటాయి, మోకాళ్ళ నొప్పులు. ఈసారి గట్టిగా అనుకున్నాను. నేనే చాప తీసుకెళ్ళి ముందు నించి రెండో వరసలో పరిచాను. ఎవరేమంటారో చూద్దామని నడుం బిగించాను కూడా. ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ వచ్చి చాపని చూసింది, నన్ను చూసింది.

"ఇక్కడ కూచుంటే కథ వినపడుతుంది గాని, జనం కనపడరే" అంది. "ఎవరు ఎక్కడ కళ్ళు తుడుచుకున్నారో తెలియొద్దూ?"

చాప చుట్టుకుని గుంజ దగ్గరికే నడిచింది. ఆవిడకది అలవాటో, ఇష్టమో, నా మొహాన కొట్టిన జవాబో నాకర్థం కాలేదు. ఇప్పటికీ కాలేదు. నేను వెళ్ళి పక్కన కూచున్నాను. చెవిలో తీగలు పీకేసి మా అమ్మాయి కూడా వచ్చి కూచుంది. కథ చెప్పిన కుర్రదాసుకి ఇరవై రెండేళ్ళుంటాయి. చక్కటి గొంతు, చురుకైన అడుగు. మంగళం పాడాక ముగ్గురం చాప దులుపుకుని నడుస్తూ ఉంటే మా అమ్మాయి అడిగింది, "ఎలా ఉంది అమ్మమ్మా?" అని.

అమ్మ కాస్త ఆలోచించింది.

"పిల్లాడు మంచివాడే. మధ్య వరస దాకా తెచ్చాడు" అంది. "వచ్చే ఏటికి ఇంకాస్త తెస్తాడేమో, చూద్దాం."